నెట్ వారాల తరబడి పోతే: ఫోనా, పెన్‌డ్రైవా, హాట్‌స్పాట్ డబ్బానా, కాగితమా?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు అమ్మానాన్నలతో పాటు నేనూ మొదటి అంతస్తులో చిక్కుకుపోయాను. రెండో రోజు మధ్యాహ్నం పడవ మీద వచ్చిన కుర్రాళ్ళు కింద నుంచి కేకేశారు, "మందులేమైనా కావాలా అండీ? పేరు చెప్పండి, రేపు తెస్తాం" అని. నాన్నకి బీపీ మాత్రలు రెండే మిగిలాయి. షీటు మీద పేరున్న ముక్క ఎప్పుడో చించేశారు. ప్రిస్క్రిప్షన్ ఫోటో నా ఫోన్‌లో ఉంది కదా అని తీస్తే మసకమసకగా ఒక బొమ్మ, దాని మధ్యలో గిర్రున తిరుగుతున్న చక్రం. మూడు నెలల క్రితం ఫోన్‌లో జాగా లేదంటే "ఖాళీ చెయ్యి" అనే బటన్ నొక్కింది నేనే. అసలు ఫోటో క్లౌడ్‌లో క్షేమంగా ఉంది, నా దగ్గరే సిగ్నల్ లేదు. చివరికి అమ్మ పోపుల డబ్బా కింద నుంచి పాత మందుల బిల్లు తీసింది. దాని మీద మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, అన్నీ ఉన్నాయి.

నీళ్ళు తీశాక ఈ విషయం మీద కూర్చున్నాను. నెట్ లేకుండా పనికొచ్చేలా సమాచారం దాచుకోవడానికి ఉన్న దారులన్నీ ఒక్కొక్కటిగా ఇంట్లో ప్రయత్నించి చూశాను. ఏది కొనాలి, ఏది అక్కర్లేదు అని తేల్చుకోలేకపోతున్నవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది: పోయేది నెట్ ఒక్కటేనా, కరెంటు కూడానా?

ఎంపిక మొత్తం దీని మీదే ఆధారపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు కలిసి పోయాయి. తుపాను, వరద అంటే ఇంతే. ఫోన్ ఛార్జింగ్ కోసం జనరేటర్ ఉన్నవాళ్ళింటికి వెళ్ళాల్సి వస్తుంది.

2022 మేలో కోనసీమలో జరిగింది ఇంకో రకం. మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవలయ్యాక ఇంటర్నెట్ ఆపేశారు. కరెంటు ఉంది, కానీ నెట్ తిరిగి రావడానికి చాలాచోట్ల దాదాపు రెండు వారాలు పట్టింది. ఇంటి నుంచి పనిచేసుకునేవాళ్ళు ల్యాప్‌టాప్ భుజాన వేసుకుని సిగ్నల్ అందే ఊళ్ళకు వెళ్ళాల్సి వచ్చింది. కశ్మీర్‌లో ఇంకా ఎక్కువ. 2019 ఆగస్టులో ఆపిన నెట్ 2020 జనవరిలో 2జీగా మొదలై, 4జీ వచ్చేసరికి 2021 ఫిబ్రవరి అయింది.

మూడో రకం కేబుల్ తెగడం. 2022 జనవరి 15న టోంగా దీవుల దగ్గర సముద్రంలో అగ్నిపర్వతం పేలి ఆ దేశానికున్న ఒకే ఒక్క అంతర్జాతీయ కేబుల్ తెగింది. బాగుచేసేసరికి ఐదు వారాలు. మనకు కేబుళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి ఆ స్థాయిలో జరగడం కష్టం. మన ఇళ్ళకు సంబంధించినంతవరకు మొదటి రెండింటి గురించి ఆలోచిస్తే చాలు.

కోస్తాలో ఉంటే కరెంటు కూడా పోతుందనే అనుకుని ఏర్పాటు చేసుకోండి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ కింద ఉన్నవాళ్ళు కాస్త ధీమాగా ల్యాప్‌టాప్‌ను నమ్ముకోవచ్చు.

ఇంకేం చూడాలి

ఎవరు తెరుస్తారు? ఇదే నా రెండో ప్రశ్న. నేను ఊళ్ళో లేనప్పుడు మా అమ్మ ఆ ఫైలు తెరవగలదా? తెరవలేకపోతే అది నా కోసం దాచుకున్నదే, ఇంటి కోసం దాచింది అనిపించుకోదు.

లాగిన్, గడువు అడుగుతుందా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. వీడియో యాప్‌లలో "డౌన్‌లోడ్" చేసుకున్నవి మన సొంతం అయినట్టే కనిపిస్తాయి గానీ అవి అద్దె సరుకు. యూట్యూబ్ ప్రీమియంలో దించుకున్న వీడియోలు కూడా 29 రోజుల్లోపు ఒక్కసారైనా నెట్‌కు కలవకపోతే ఆడవు. సినిమా యాప్‌లలో కొన్ని చూడటం మొదలెట్టిన 48 గంటలకే మాయమవుతాయి. ఫైలుగా మన చేతిలో ఉండి, ఏ అకౌంటూ అడగకుండా తెరుచుకునేదే లెక్క.

ఒకేసారి ఎంతమందికి కావాలి? ఇద్దరికా, హాస్టల్లో 30 మందికా?

ఎన్ని జీబీలు అన్నది వీటన్నిటి తర్వాత. దుకాణంలో మాత్రం ముందు అదే అడుగుతాం.

| ఎంపిక | కరెంటు పోతే | ఎంతమందికి | పెద్దవాళ్ళు వాడగలరా | ఎక్కడ దెబ్బ తింటుంది |
|---|---|---|---|---|
| ఫోన్ మెమరీ, మెమరీ కార్డు | పవర్ బ్యాంకుతో వారం లాగొచ్చు | ఒక్కరు, ఇద్దరు | ఒకసారి చూపిస్తే చాలు | ఫోన్ నీళ్ళలో పడితే అంతే |
| రెండు వైపులా పిన్ను ఉన్న పెన్‌డ్రైవ్ | ఫోన్‌కే పెట్టుకోవచ్చు | చేతులు మారుతూ పదిమంది | కష్టమే | పారేసుకోవడం, నకిలీ సరుకు |
| ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్ | ఒక పూట | ఇంటిల్లిపాది | వాడే అలవాటుంటేనే | కింద పడితే డిస్క్ పోతుంది |
| హాట్‌స్పాట్ డబ్బా (రాస్‌బెరీ పై లాంటి చిన్న కంప్యూటర్, దాచిన సమాచారాన్ని వైఫై మీద పంచుతుంది) | పవర్ బ్యాంకు మీద 12 గంటలకు పైనే | 10 నుంచి 30 మంది | వైఫై కలపడం వస్తే చాలు | ఏర్పాటు చేసినవాడు ఊళ్ళో లేకపోతే |
| కాగితం | దేనితోనూ పనిలేదు | చూసినవాళ్ళందరికీ | హాయిగా | తడి, చెదలు |

ఫోన్: అందరూ ఇక్కడి నుంచే మొదలెట్టాలి

20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండే శక్తి సుమారు 74 వాట్ అవర్లు. మధ్యలో పోయేది పోగా 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను రెండున్నర నుంచి మూడుసార్లు నింపుతుంది. రోజుకు సగం ఛార్జీతో సరిపెట్టుకుంటే ఐదారు రోజులు. సిగ్నల్ లేనప్పుడు ఫోన్ దాని కోసం వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది కాబట్టి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తీసి చూడాలి.

ఫోన్‌లో ఏం ఉంచాలి? ముందు మ్యాపులు. గూగుల్ మ్యాప్స్‌లో మీ జిల్లా, పక్క జిల్లాలు ఎంచుకుని దించుకోవచ్చు. బండి మీద వెళ్ళడానికి దారి చూపిస్తుంది, కానీ నడక దారి ఆఫ్‌లైన్‌లో చూపించదు. పైగా దించుకున్న మ్యాపుకు గడువు ఉంటుంది, అప్పుడప్పుడు నెట్‌లో తాజా చేసుకోవాలి. ఆర్గానిక్ మ్యాప్స్‌కు అకౌంటు అక్కర్లేదు, నడక దారి కూడా చూపిస్తుంది. అది ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ సమాచారం మీద నడుస్తుంది కాబట్టి పట్టణాల్లో బాగుంటుంది, పల్లెల్లో చిన్న సందులు, దుకాణాల పేర్లు దొరక్కపోవచ్చు. రెండూ పెట్టుకోండి. అయితే దించుకున్న ఏ మ్యాపూ "ఈ రోడ్డు మునిగింది" అని చెప్పదు. దానికి మనుషుల్నే అడగాలి.

తర్వాత కివిక్స్. ఇది వికీపీడియా లాంటి సైట్లను మొత్తంగా ఒకే ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చదువుకునే ఉచిత యాప్. ఆ ఫైళ్ళను జిమ్ ఫైళ్ళంటారు, కసరత్తుకూ వాటికీ సంబంధం లేదు. బొమ్మలతో కలిపి ఇంగ్లిష్ వికీపీడియా మొత్తం 100 జీబీ దాటుతుంది. బొమ్మల్లేకుండా అయితే దానికి దాదాపు సగం. తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలున్నా ఇంగ్లిష్‌తో పోలిస్తే ఫైలు చాలా చిన్నది, మామూలు ఫోన్‌లో పట్టేస్తుంది. వైద్య వ్యాసాలు మాత్రమే ఏరి పెట్టిన వికీమెడ్ ఇంగ్లిష్‌లో సుమారు 2 జీబీ. అది డాక్టరుకు బదులు పనికిరాదు. కానీ చేతిలో ఉన్న మాత్ర దేనికి వాడతారో, దేనితో కలిపి వేసుకోకూడదో చూసుకోవడానికి పనికొస్తుంది. ఒక ఇబ్బంది ఏమిటంటే, యాప్ స్టోర్ నుంచి దించుకున్న కివిక్స్‌లో బయటి నుంచి కాపీ చేసి తెచ్చిన ఫైళ్ళు తెరుచుకోకపోవచ్చు. యాప్‌లో నుంచే దించుకోవడం మేలు, లేదంటే కివిక్స్ వాళ్ళ సైట్ నుంచి యాప్ తీసుకోండి. ఏదైనా నెట్ ఉండగానే తెరిచి చూసుకోవాలి.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు ఆఫ్‌లైన్ ప్యాక్ ఉంది. ఒడిశా సరిహద్దులో, బెంగళూరులో ఉన్నవాళ్ళకు ఇది ఉపయోగం.

మెమరీ కార్డు వెయ్యాలా వద్దా? కొత్త ఫోన్లు చాలావాటిలో కార్డు పెట్టే చోటే లేదు. కొన్నిటిలో హైబ్రిడ్ స్లాట్, అంటే రెండో సిమ్ అయినా పెట్టు, కార్డు అయినా పెట్టు. ఇక్కడ నేను సిమ్ వైపే ఉంటాను. తుపాను తర్వాత ఏ కంపెనీ టవర్ ముందు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. రెండు వేర్వేరు నెట్‌వర్కుల సిమ్‌లుంటే అవకాశం రెట్టింపు. ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు, సిగ్నల్‌ను పెట్టుకోలేం. రెండిటికీ చోటు ఉన్న ఫోన్ అయితే కార్డు వెయ్యండి. కానీ దాన్ని "ఫోన్ సొంత మెమరీ"గా ఫార్మాట్ చెయ్యకండి. అలా చేస్తే ఫోన్ చచ్చిపోయినప్పుడు కార్డు ఇంకెక్కడా చదవబడదు.

పెన్‌డ్రైవ్: చవక, కానీ మెలికలున్నాయి

ఒక వైపు టైప్-సి, ఇంకో వైపు మామూలు యూఎస్‌బీ ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకుంటే ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ పనికొస్తుంది. మా ఇంట్లో ఇదే అసలు ఖజానా.

మొదటిసారి నేను పడ్డ తంటా చెబుతాను. 128 జీబీ పెన్‌డ్రైవ్ కొత్తది, పూర్తిగా ఖాళీ. దాంట్లోకి బొమ్మల్లేని వికీపీడియా లాగితే "ఫైలు మరీ పెద్దది" అని వస్తుంది. ఖాళీ చూస్తే 100 జీబీ పైన ఉంది. డూప్లికేట్ సరుకు అంటగట్టాడని దుకాణదారుణ్ణి అరగంట తిట్టుకున్నాను పాపం. తప్పు ఫార్మాట్‌ది, అంటే డ్రైవ్‌లో ఫైళ్ళు సర్దే పద్ధతిది. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎన్‌టీఎఫ్ఎస్‌లో పెడితే విండోస్‌లో బాగానే ఉంటుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు చదవవు. మధ్యేమార్గం ఎక్స్‌ఫ్యాట్, ఈ మధ్య ఫోన్లు ఎక్కువగా దాన్ని చదువుతున్నాయి. మీ ఫోన్‌కు పెట్టి ఒక పెద్ద ఫైలు తెరిచి చూసుకున్నాకే మిగతావి ఎక్కించండి.

నకిలీ సరుకు మాటకొస్తే అది నిజంగానే ఉంది. 500 రూపాయలకు 2 టీబీ పెన్‌డ్రైవ్ అని కనిపిస్తే దూరంగా ఉండండి. లోపల ఏ 16 జీబీయో ఉండి, పైకి 2 టీబీ అని చూపిస్తుంది. అది నిండాక రాసిందంతా గాల్లో కలిసిపోతుంది, కాపీ అయినట్టే కనిపిస్తుంది మరి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు డ్రైవ్‌ను నిండా రాసి, తిరిగి చదివి అసలు సంగతి చెప్తాయి. కొన్న రోజే నడిపించండి.

ఏళ్ళ తరబడి సొరుగులో పడేస్తే పెన్‌డ్రైవ్ డేటా పోవచ్చు. ఏడాదికి ఒకసారైనా పెట్టి చూడాలి. ఒకే కాపీ ఉంచడం కన్నా రెండు చవక డ్రైవులు వేర్వేరు ఇళ్ళలో ఉంచడం నయం. మా రెండోది అత్తయ్య వాళ్ళింట్లో ఉంది.

ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్

సినిమాలు, కోచింగ్ వీడియోలు, ఫోటోలు ఇలా టెరాబైట్ల సరుకు ఉన్నవాళ్ళకే ఇది. తిరిగే డిస్కున్న హార్డ్ డిస్క్ ఒక్కో జీబీకి చవక, కానీ కింద పడితే గోవింద. ఫోన్‌కు తగిలిస్తే కొన్ని ఫోన్లు దాన్ని తిప్పలేవు, తిప్పినా ఫోన్ బ్యాటరీ తాగేస్తుంది. తిరిగే భాగాలే లేని ఎస్ఎస్‌డీకి ఆ బాధ తక్కువ, ధర ఎక్కువ. ల్యాప్‌టాప్ ఐదారు గంటల్లో పడుకుంటుంది కాబట్టి కరెంటు కూడా పోయే ఊళ్ళలో దీన్ని మొదటి ఎంపికగా పెట్టుకోవద్దు. కోనసీమ తరహా నెట్ కోతకైతే ఇంతకన్నా హాయి లేదు.

క్యూబాలో నెట్ అరుదుగా, ఖరీదుగా ఉన్న రోజుల్లో "వారపు ప్యాకెట్" అని ఒకటి నడిచేది. సుమారు 1 టీబీ సినిమాలు, సీరియళ్ళు, యాప్‌లు, వార్తలు వారం వారం హార్డ్ డిస్కుల్లో ఇంటింటికీ తిరిగేవి. మన దగ్గర కూడా సెల్ షాపుల్లో మెమరీ కార్డులో పాటలు ఎక్కించిన కాలం ఉంది కదా, దాదాపు అదే.

హాట్‌స్పాట్ డబ్బా: ముచ్చటగానే ఉంటుంది, కానీ మీకు అవసరమా?

రాస్‌బెరీ పై అనే అరచేతంత కంప్యూటర్‌లో ఇంటర్నెట్-ఇన్-ఎ-బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే, అది తనే ఒక వైఫై ఇస్తుంది. చుట్టూ ఉన్న ఫోన్లు ఆ వైఫైకి కలిసి బ్రౌజర్‌లో వికీపీడియా, మ్యాపులు, పాఠాలు చూసుకోవచ్చు. బయటి నెట్ చుక్క కూడా అక్కర్లేదు. పాఠాల కోసమే అయితే కోలిబ్రి అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది. పిల్లలకు విడివిడి లాగిన్లు, ఎవరు ఎంత చదివారు అన్న లెక్క కూడా చూపిస్తుంది. పై 4 మామూలుగా 3 నుంచి 5 వాట్లు తింటుంది. ఇందాకటి పవర్ బ్యాంకు మీద పన్నెండు గంటలకు పైనే నడుస్తుంది.

నేను ఒకటి కట్టాను. రెండు ఆదివారాలు పట్టింది. కట్టాక చూస్తే ఇంట్లో ఫోన్లున్నది ముగ్గురికే, ముగ్గురి ఫోన్లలోనూ కివిక్స్ ఉంది. డబ్బా టీవీ కింద దుమ్ము పట్టింది. తర్వాత తెలిసిందేమిటంటే, కివిక్స్ యాప్‌లోనే పుస్తకాలను పక్కవాళ్ళకు వైఫై మీద పంచే సదుపాయం ఉంది. అందులో ఉన్న హాట్‌స్పాట్ ఆప్షన్ నొక్కితే అది చూపించే అడ్రస్‌ను పక్క ఫోన్ బ్రౌజర్‌లో కొడితే చాలు. ల్యాప్‌టాప్ కివిక్స్‌లోనూ ఇదే ఉంది. పాత ఫోన్ ఒకటి మూలన పడి ఉంటే మీ డబ్బా అదే.

అయితే హాస్టల్ వార్డెన్లు, పల్లె లైబ్రరీ నడిపేవాళ్ళు, ఏజెన్సీ ప్రాంతాల బడి టీచర్లు నా మాట పట్టించుకోకండి. మీకు డబ్బాయే సరైనది. రోజువారీ కూడా సిగ్నల్ అందని చోట అది తుపాను కోసం ఎదురుచూస్తూ కూర్చోదు, ప్రతి రోజూ పనికొస్తుంది. ఒక్కటే షరతు, దాన్ని ఆపి మళ్ళీ వెయ్యడం తెలిసినవాళ్ళు ఇద్దరుండాలి.

ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, ల్యాప్‌టాప్‌లోనే ఏఐ మోడల్ దించుకుంటే అన్నీ అదే చెబుతుంది కదా అని. దించుకోవచ్చు, నాలుగైదు జీబీల చిన్న మోడళ్ళు మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. కానీ అవి తెలుగులో తడబడతాయి, తెలియనిది కూడా తెలిసినట్టే చెబుతాయి, నెట్ లేనప్పుడు అది నిజమో కాదో సరిచూసుకునే దారి ఉండదు. బ్యాటరీ కూడా గబగబా దిగిపోతుంది. సరదాకి సరే, మందు మోతాదుకు మాత్రం వద్దు.

కాగితం

బియ్యం మీద పసుపు చల్లినంత పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. రెండు పేజీలు చాలు. ఒకటి: పదిహేను ఫోన్ నంబర్లు. మీ ఆవిడ నంబరు మీకు నోటికి వచ్చా, నిజం చెప్పండి? రెండోది: ఇంట్లో ఎవరు ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకెన్ని. లామినేషన్ చేయించి ఫ్రిజ్ పక్కన తగిలించండి. మిగతా పత్రాల జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో. అంతకు మించి ప్రింట్లు తియ్యకండి, ఎవరూ చూడరు.

వార్తల సంగతికొస్తే, పైన చెప్పిన వాటిలో ఏదీ తాజా కాదు. తుపాను ఎటు తిరిగిందో నిన్న దించుకున్న ఫైలు చెప్పదు. దానికి సెల్స్‌తో నడిచే రేడియో ఒకటి. ఫోన్‌లో ఎఫ్ఎం ఉంటే వైరున్న ఇయర్‌ఫోన్ తగిలించాలి, ఆ వైరే యాంటెన్నా. చాలా కొత్త ఫోన్లలో ఎఫ్ఎమ్మే లేదు, కొనేముందు చూసుకోండి.

ఎవరికి ఏది

పిల్లలు చదువుకునే ఇల్లు: ఫోన్, పెన్‌డ్రైవ్. మన రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతాయి. దీక్ష యాప్‌లో పాఠాలు దించుకుని నెట్ లేకుండా చూడొచ్చు. వీడియోల కన్నా పుస్తకాలకే చోటు ఇవ్వండి. గంట వీడియో పాఠం తక్కువ క్వాలిటీలో కూడా దాదాపు 200 ఎంబీ తినొచ్చు, ఆ చోట్లో ఒక తరగతి పుస్తకాలు చాలావరకు పడతాయి.

గ్రూప్స్‌కో, డీఎస్సీకో చదివేవాళ్ళకు లెక్క వేరు. మీ నోట్సులు టెలిగ్రామ్ గ్రూపుల్లో ఉన్నాయి, ఆ గ్రూపే నెట్‌లో ఉంది. ఇవాళే "సేవ్" చేసి ఒక ఫోల్డర్లో పెట్టండి. స్కాన్ చేసిన పాత పుస్తకాలు ఆరంగుళాల ఫోన్‌లో చదివితే కళ్ళు పోతాయి, ట్యాబ్ ఉంటే దానికి పెట్టుకోండి.

సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళు కోడు మొత్తం తమ ల్యాప్‌టాప్‌లో ఉందో లేదో, లైబ్రరీలు అప్పటికప్పుడు నెట్ నుంచి లాగుతున్నాయో చూసుకోవాలి. కివిక్స్‌లో స్టాక్ ఓవర్‌ఫ్లో కూడా దొరుకుతుంది, పదుల జీబీలు ఉంటుంది. అయినా మీటింగులకు నెట్ కావాల్సిందే కాబట్టి, పక్క జిల్లాలో ఉండగలిగే చుట్టాలిల్లు ఏదో ముందే అనుకోండి.

పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండి పిల్లలు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న ఇళ్ళకు కాగితమే మొదటిది, రెండోది రెండో సిమ్. నెట్ పోతే వాట్సాప్ కాల్ పోతుంది, మామూలు కాల్ ఉండొచ్చు. "వాట్సాప్ రాకపోతే మామూలు నంబరుకే చేస్తాను, పక్కింటి ఆంటీ నంబరు కూడా నా దగ్గరుంది" అని పిల్లలు ముందే చెప్పి పెట్టాలి. ఆ ఒక్క మాటతో ఇక్కడి టెన్షన్ సగం తగ్గుతుంది. పిల్లలు పండక్కి వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్ ఇచ్చి వెళ్తే సరిపోదు, అమ్మ చేత నాలుగుసార్లు తెరిపించాలి.

పత్రాల ఫోల్డరు

ఏ ఎంపిక తీసుకున్నా ఇది అందరికీ. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, ఇన్సూరెన్సు, బ్యాంకు పాసు పుస్తకం మొదటి పేజీ, ప్రిస్క్రిప్షన్లు. డిజిలాకర్‌లో ఉన్నాయి కదా అనుకోవద్దు, పీడీఎఫ్‌గా దించి ఫోన్‌లో పెట్టుకోండి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది. ఇంగ్లిష్‌లో పేరులోని మొదటి నాలుగు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. అంటే మీ పేరు, పుట్టిన ఏడాది తెలిసినవాళ్ళు ఎవరైనా తెరవగలరన్నమాట. అందుకే పెన్‌డ్రైవ్‌లో పెట్టేటప్పుడు ఫోల్డరు మొత్తానికి వేరే పాస్‌వర్డ్ పెట్టాలి. ఇక్కడ మళ్ళీ పేచీ: గట్టి తాళం వేస్తే అమ్మ తెరవలేదు, వెయ్యకపోతే దొరికినవాడు తెరుస్తాడు. నేను రెండు రకాలుగా చేశాను. మందుల జాబితా, ఫోన్ నంబర్లు తాళం లేకుండా, ఆధార్, బ్యాంకు కాగితాలు తాళంతో.

డబ్బు విషయం ఒక్క మాట. నెట్ లేకపోయినా మామూలు సిగ్నల్ ఉంటే *99# కొట్టి యూపీఐ వాడొచ్చు, అది ముందే ఒకసారి రిజిస్టర్ చేసుకుని ఉండాలి. సిగ్నల్ కూడా లేకపోతే నోట్లే. చిల్లరగా ఉంచుకోండి, వరదలో 500కి చిల్లర ఎవరిస్తారు?

కొనేముందు ఒక శనివారం

ఏదీ కొనకముందే ఒక శనివారం సాయంత్రం ఇంట్లో రూటర్ ఆపి, అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి నాలుగు గంటలు గడపండి. ఏమేం తెరుచుకోలేదో కాగితం మీద రాసుకోండి. మా ఇంట్లో వచ్చిన జాబితా ఇదీ: ప్రిస్క్రిప్షన్, గ్యాస్ ఏజెన్సీ నంబరు, పాప తెలుగు పద్యాల ఆడియో, నాన్న వినే సుందరకాండ, పులిహోర పొడి కొలతలు. మొత్తం కలిపి 1 జీబీ కూడా లేదు. అప్పటికే నేను 1 టీబీ డిస్కు ఆర్డరు పెట్టేసి ఉన్నాను.

ఈ ఫైళ్ళన్నీ ఏడాదికి రెండుసార్లు తాజా చేస్తే చాలు. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్ నుంచి జూన్, మళ్ళీ అక్టోబరు నుంచి డిసెంబరు. నా ఫోన్‌లో మార్చి, సెప్టెంబరు చివరి ఆదివారాలకు అలారం ఉంది. మొన్న సెప్టెంబరులో తీసి చూస్తే నాన్న మందుల్లో ఒకటి మారింది, ఫ్రిజ్ పక్కన కాగితం మీద పాతదే ఉంది. అమ్మ దాన్ని పెన్నుతో కొట్టేసి పక్కన కొత్తది రాసింది, లామినేషన్ మీద సిరా నిలవక మర్నాటికి చెరిగిపోయింది. ఇప్పుడు అక్కడ మార్కర్ పెన్ను దారంతో కట్టి ఉంది.